తూకం వేయని రోజులు

2020 మే నెల. శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీల రొద తగ్గి, కాళ్ల చప్పుడు వినబడిన రోజులవి. చెన్నై వైపు నుంచి ఒడిశాకు, బెంగాల్‌కు నడిచిపోతున్న కూలీలు చెట్టు నీడ కనబడితే ఆగేవారు. ఊళ్లవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పొట్లాలు తెచ్చి, కాస్త దూరంలో పెట్టి, వెనక్కి జరిగేవారు. అలా పెట్టడం, అలా వెనక్కి జరగడం మా పిల్లలు అరుగుల మీంచి చూశారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాలి, కానీ దగ్గరకు పోకూడదు. ఆరేడేళ్ల బిడ్డ మనసులో ఈ రెండూ ఎలా ఇముడుతాయని ఆ రోజు ఎవరమూ అడగలేదు.

తర్వాత ప్రపంచమంతా అడిగింది. లాక్‌డౌన్ పిల్లల ఒంటికి, మనసుకు ఏం చేసిందో చెప్పే పరిశోధనలు వందల్లో వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవాటిని పలాస, టెక్కలి, ఉద్దానం పిల్లల్ని కళ్లముందు ఉంచుకుని చదివితే కొన్ని మనకు అచ్చంగా అతుకుతాయి, కొన్ని అసలు అతకవు. అతకనిచోటే మన బిడ్డల కథ ఎక్కువగా ఉందని నా నమ్మకం.

ముందు మనసు సంగతి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 29 అధ్యయనాలను కలిపి, 80,879 మంది పిల్లల వివరాలు లెక్కగట్టి 2021లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. 25.2 శాతం మందిలో కుంగుబాటు, 20.5 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. కరోనాకు ముందున్న అంచనాలకు ఇది దాదాపు రెట్టింపు. అదే ఏడాది మన దేశపు వైద్యులు 15 అధ్యయనాల్లోని 22,996 మంది పిల్లల్ని లెక్కలోకి తీసుకుంటే ఆందోళన 34.5, కుంగుబాటు 41.7, చిరాకు 42.3 శాతానికి చేరాయి. రెండు లెక్కలకూ ఇంత తేడా ఉండడానికి కారణం, ఎవరు ఏ ప్రశ్నలు ఎవరిని ఎలా అడిగారన్నదే. చాలా సర్వేలు ఇంటర్నెట్‌లో జరిగాయి. ఫోన్ ఉండి, అందులో డేటా ఉండి, ప్రశ్నలు చదివి జవాబు పెట్టగల తల్లిదండ్రులున్న పిల్లలే ఆ లెక్కల్లోకి వచ్చారు. మొదటి విడత బడుల మూసివేత మీద 11 దేశాల నుంచి 36 అధ్యయనాలను జల్లెడ పట్టిన మరో బృందం 2022లో ఇంకో హెచ్చరిక చేసింది. పిల్లలు దెబ్బతిన్నది నిజమే గానీ అందులో బడి మూసినందువల్ల ఎంత, ఇంట్లో బందీలైనందువల్ల ఎంత, రోగభయం వల్ల ఎంత అన్నది విడదీయడం కష్టమని. ఈ జాగ్రత్త మనం కూడా పాటించాలి. లాక్‌డౌన్ చేసిన చెడు వేరు, వైరస్ చేసిన చెడు వేరు, అంతకుముందే ఉన్న పేదరికం చేసిన చెడు వేరు. బిడ్డకు మాత్రం మూడూ ఒకే రోజున తగిలాయి.

ఒంటి సంగతికొస్తే అందరినీ కలవరపెట్టిన లెక్క చైనాలోని ఫెచెంగ్ నుంచి వచ్చింది. అక్కడ బడి పిల్లలకు ఏటా కంటిపరీక్ష చేస్తారు. అంతకుముందు అయిదేళ్లలో ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంలోనివి కనబడని లోపం, ఎన్నడూ 5.7 శాతం దాటలేదు. 2020లో ఒక్కసారిగా 21.5కు పోయింది. పగటి వెలుతురులో ఆడుకునే బిడ్డ కన్ను సరిగా ఎదుగుతుంది, నాలుగు గోడల మధ్య తెరకు అతుక్కున్న కన్ను అదుపు తప్పి సాగుతుంది. అమెరికాలో 4,32,302 మంది పిల్లల బరువులు చూస్తే, స్థూలకాయం ఉన్నవారు 2019 ఆగస్టులో 19.3 శాతం, ఏడాది తిరిగేసరికి 22.4.

కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో మేడ మీద గదిలో సెల్‌ఫోన్‌తో కూర్చున్న పిల్లలకు ఈ రెండు లెక్కలూ వర్తిస్తాయి. బడులు తెరిచాక బోర్డు కనబడడం లేదని ముందు బెంచీకి జరిగినవాళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడినవాళ్లు మనకు కొత్త కాదు. కానీ వజ్రపుకొత్తూరు తీరంలో జాలరి బిడ్డ ఆ నెలల్లో ఇసుకలోనే ఉన్నాడు. కవిటి కొబ్బరితోటలో కూలివాళ్ల పిల్లలు ఎండలోనే తిరిగారు. వాళ్లకు వెలుతురు కరవు రాలేదు, పరుగు కరవు రాలేదు. కరవొచ్చింది వేరేవాటికి.

మన రాష్ట్రంలో 2020 మార్చి 19న బడులు మూతపడ్డాయి. తొమ్మిది, పది తరగతులకు నవంబర్ 2న తలుపులు తెరిచారు. ఒకటి నుంచి అయిదు చదివే చిన్నపిల్లలకు 2021 ఫిబ్రవరి 1 దాకా ఆ భాగ్యం లేదు. రెండో ఉధృతితో ఏప్రిల్ 20న ఒకటి నుంచి తొమ్మిది వరకూ మళ్లీ మూశారు. తిరిగి తెరిచింది ఆగస్టు 16న. వేసవి సెలవులు కలుపుకుని దాదాపు 74 వారాలు, అందులో చిన్నపిల్లలు బడి మెట్లెక్కినవి పదకొండు వారాలు. ఆ పదిహేడు నెలల్లో ఎన్నో బడులకు నాడు-నేడు పథకం కింద కొత్త రంగులు, కొత్త బెంచీలు వచ్చాయి. ఆ బెంచీల మీద కూర్చోవాల్సిన పిల్లలు మాత్రం బయట ఉండిపోయారు.

బడి మూస్తే పాఠాలు పోతాయని అందరూ అనుకున్నారు, అందుకే అందరూ పాఠాల గురించే ఆలోచించారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, రేడియోలో వచ్చాయి, వాట్సాప్‌లో వచ్చాయి. ఇది కొత్త ఆలోచన కాదు, 1937లో పోలియో భయంతో షికాగో బడులు మూసినప్పుడు కూడా రేడియోలో పాఠాలు చెప్పారు. మన దగ్గర చిక్కెక్కడంటే, ఉద్దానంలో ఇంటికి ఒక మంచి ఫోను ఉంటే అది నాన్న దగ్గర ఉంటుంది. నాన్న చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, పారాదీప్‌లోనో ఉంటాడు. వలస వెళ్లిన ఇంట ఫోను కూడా వలస వెళుతుంది. మందస కొండల మీద సవర బిడ్డకు, ఇచ్ఛాపురం పక్కన ఒడియా మాట్లాడే ఇంటి బిడ్డకు టీవీలో తెలుగు పాఠం ఎంత ఎక్కుతుందన్నది మరో ప్రశ్న. 2021 ఆగస్టులో ఆర్థికవేత్తలు జాన్ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో చేసిన సర్వేలో పల్లె పిల్లల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు 8 శాతమే. మన రాష్ట్రం ఆ సర్వేలో లేదు, పక్కనున్న ఒడిశా ఉంది. ఆ 8 శాతం చూసి ఉద్దానంలో ఆశ్చర్యపోయే మేస్టారు ఎవరూ ఉండరు.

పాఠం కన్నా ముందు పోయింది పళ్లెం. 2020 జనవరి 21నే బడి భోజనానికి జగనన్న గోరుముద్ద పథకం మొదలైంది. గుడ్డు, చిక్కి, రోజుకో రకం వంట. పిల్లలు ఆ రుచికి అలవాటు పడుతున్న రెండో నెలలోనే బడి మూతపడింది. మధ్యాహ్న భోజనం ఆగకూడదని సుప్రీంకోర్టు మార్చి 18న తనంతట తానే కేసు చేపట్టింది. ప్రభుత్వం బియ్యం, గుడ్లు, చిక్కీలు వలంటీర్ల చేత ఇళ్లకు పంపింది. అది మంచి పని, చాలా ఇళ్లను ఆదుకున్న పని. అయితే బళ్లో వండి వడ్డించిన గుడ్డు ఆ బిడ్డదే. ఇంటికొచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదిదీ. ముసలి మామ్మ ఉంటుంది, పనిలేక తిరిగొచ్చిన అన్న ఉంటాడు, చంకలో తమ్ముడు ఉంటాడు. ఏ తల్లీ లెక్కగట్టి పెట్టలేదు. అసలే మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని, ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల మధ్యవారిలో 63.2 శాతానికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ సర్వే మన దగ్గర 2019 నవంబర్‌లోనే ముగిసింది. అంటే ఇది కరోనా రాకముందటి చిత్రం. ఈ ఒంటితో మన పిల్లలు లాక్‌డౌన్‌లోకి అడుగుపెట్టారు.

కాశీబుగ్గలో 2020 వానాకాలంలో ఒక ఇంటి గుమ్మంలో కాసేపు కూర్చున్నాను. జీడి పరిశ్రమలు ఆగిపోయి, మళ్లీ అరకొరగా మొదలైన రోజులు. మామ్మా, మనవరాలూ గచ్చు మీద ఎదురెదురుగా కూర్చుని జీడిపప్పుకు పొట్టు వలుస్తున్నారు. ఆ గుంట చేతిలో చిన్న చాకు. పప్పును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య తిప్పుతూ పొట్టు గీస్తోంది, పప్పు విరగకూడదు. విరిగితే రేటు తగ్గిపోతుంది. జీడిరసం తగిలి వేళ్ల కొసలు నల్లబడి, గోళ్ల పక్క తోలు లేచిపోయి ఉంది. ఏ క్లాసమ్మా అని అడిగాను. చేతులు ఆపకుండానే, "నాలుగు" అంది. కాసేపాగి, "కాదు, ఐదు గావాల" అంది. పరీక్షల్లేకుండా పై తరగతికి పంపేసిన ఏడాది అది. తాను ఏ తరగతిలో ఉన్నదీ ఆ బిడ్డకు తెలియదు. సాయంత్రం పప్పు తూకానికి వెళ్లింది. ఎన్ని గ్రాములో మామ్మకు ముందే తెలుసు, తూకంలో తేడా వస్తే ఊరుకోదు. ఆ పిల్లకు తూకం వేసి ఎన్నాళ్లయిందని నేను అడగలేకపోయాను. పప్పుకు రోజూ తూకం ఉంది.

ఇక్కడే నా మాట చెబుతాను. బడీ, అంగన్‌వాడీ మన పల్లెల్లో బిడ్డను ప్రతిరోజూ చూసే కన్ను. ఎవరు చిక్కిపోతున్నారు, ఎవరు గుక్కతిప్పుకోకుండా తింటున్నారు, ఎవరి ఒంటి మీద వాతలున్నాయి, ఎవరు నాలుగు రోజులుగా నవ్వలేదు అన్నది ముందు కనిపెట్టేది మేస్టారో, అంగన్‌వాడీ టీచరో, వంట చేసే ఆయమ్మో. డాక్టరు దగ్గరికి బిడ్డను తీసుకెళ్లేది జబ్బు ముదిరాకే. లాక్‌డౌన్ ఆ కన్ను మూసేసింది. కరోనా కాలంలో మన పిల్లలకు జరిగిన చెడులో పెద్దపాలు ఇదేననుకుంటాను. చూసేవాళ్లు లేనందువల్ల జరిగిన చెడు, చూసేవాళ్లు లేనందువల్లే ఎక్కడా రాయబడలేదు. దేశంలో డీపీటీ టీకా తొలి డోసు కూడా పడని పసివాళ్లు 2019లో 14 లక్షలుంటే 2020లో 30 లక్షలకు పెరిగారు. 1098 చైల్డ్‌లైన్‌కు లాక్‌డౌన్ తొలి రోజుల్లో, మార్చి 20 నుంచి 31 లోపు, మూడు లక్షలకు పైగా ఫోన్లు వస్తే, అందులో 92 వేలకు పైగా హింస నుంచో వేధింపుల నుంచో కాపాడమని అడిగినవి. ఫోన్ అందుబాటులో ఉన్నవాళ్లే చేయగలిగారన్నది మరచిపోకూడదు.

ఆడపిల్లల విషయంలో ముందే హెచ్చరిక ఉంది. 2014లో ఎబోలా వచ్చి సియెర్రా లియోన్‌లో తొమ్మిది నెలలు బడులు మూసినప్పుడు చిన్నవయసు గర్భాలు పెరిగాయి. తెరిచాక చాలామంది తిరిగి రాలేదు. అది చదివినవాళ్లెవరైనా మన గురించి భయపడి ఉండాల్సింది. రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పాతికమందితో కట్నకానుకలు తగ్గించి చేసుకోవచ్చన్న ఆశ, బడి ఎప్పుడు తీస్తారో తెలియని స్థితి, చేతిలో పనిలేని తండ్రి, ఇవన్నీ ఒక పదిహేనేళ్ల పిల్ల చుట్టూ ఒకేసారి మూగాయి. పదో తరగతి పరీక్షలు 2020లోనూ, 2021లోనూ రద్దయ్యాయి. పరీక్ష ఉంటే, "అమ్మా, పరీక్షయ్యే దాకా ఆగండి" అనడానికి ఆ పిల్లకు ఒక సాకైనా ఉండేది.

మనసు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆందోళన, కుంగుబాటు అన్న మాటలు మన ఇళ్లలో వినబడవు. మన పిల్లలు కడుపునొప్పి అంటారు, తలపోటు అంటారు. పెద్దవాళ్లు "జడుసుకున్నాడు" అంటారు. జడుపు అన్నది మంచి మాట. బిడ్డ భయపడిందని, ఆ భయం ఒంట్లోకి దిగిందని ఒప్పుకునే మాట. ఆ మాట తర్వాత మనం చేసేది తాయెత్తు కట్టించడం దగ్గరే ఆగిపోవడం బాధ. యునిసెఫ్ 2021లో 21 దేశాల్లో యువతను అడిగితే, మనసు బాగోలేనప్పుడు సాయం తీసుకోవడం మంచిదన్నవాళ్లు సగటున 83 శాతం, మన దేశంలో 41 శాతం. అంటే మన ఇళ్లలో బాధ ఉన్నా పైకి చెప్పరు. దేశంలో ప్రాణం తీసుకున్న విద్యార్థులు 2019లో 10,335 మంది, 2020లో 12,526 మంది, 2021లో 13,089 మంది. ఒక్కో చావు వెనుక ఎన్నో కారణాలుంటాయి, అన్నీ లాక్‌డౌన్ ఖాతాలో వేయడం తప్పు. కానీ ఆ మూడు అంకెల్ని వరుసగా చదివి ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

జడుసుకోవడానికి మన పిల్లలకు కారణాలు తక్కువేం కావు. జిల్లాలో తొలి కేసులు 2020 ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. అప్పటిదాకా టీవీలో ఉన్న రోగం ఒక్కరోజులో పక్కూరికొచ్చింది. గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకున్న వేలమంది ఉత్తరాంధ్ర జాలర్లు ఏప్రిల్ చివర, మే మొదట్లో బస్సుల్లో తిరిగొచ్చారు. నెలల తర్వాత ఇంటికొచ్చిన నాన్నను బిడ్డ పరుగెత్తి కావలించుకోకూడదు. చాలాచోట్ల బడులే క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. తాను కూర్చునే గదిలో నాన్న పడుకున్నాడు, తాను గేటు బయట నిలబడింది. జూన్‌లో కాశీబుగ్గలో కరోనా సోకిన వృద్ధుడి శవాన్ని జేసీబీలో తరలించిన దృశ్యం దేశమంతా చూసింది. 2021 ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక తల్లి శవాన్ని ఆమె కొడుకూ అల్లుడూ బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఈ దృశ్యాలు పెద్దల ఫోన్లలో తిరిగాయి. అదే ఫోన్‌లో పిల్లల పాఠాలు కూడా వచ్చేవి.

ఉద్దానానికి మరో దిగులుంది. ఇంట్లో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు, వారానికి రెండు మూడుసార్లు పలాసకో, సోంపేటకో, కవిటికో డయాలసిస్‌కు పోవాల్సినవాళ్లు ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. బస్సులు ఆగిపోయిన రోజుల్లో ఆ ప్రయాణమే ఒక గండం. దానికి తోడు, నువ్వు బయట తిరిగొస్తే నాన్నకు అంటుకుంటుంది, నాన్న తట్టుకోలేడు అని తొమ్మిదేళ్ల పిల్లాడికి చెప్పాల్సొచ్చింది. చెప్పక తప్పదు. ఆ మాట మోసినవాడి బరువును ఏ సర్వే ప్రశ్నాపత్రమూ అడగలేదు.

తుపాన్లు మనకు అలవాటే. 2020లో పన్నెండేళ్లున్న ఉద్దానం బిడ్డ అయిదేళ్లప్పుడు ఫైలిన్ చూసింది, పదేళ్లప్పుడు తిత్లీ చూసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటి కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేశాక, తాతలు నాటిన చెట్లు పడిపోయాయని పెద్దవాళ్లు ఏడుస్తుంటే పిల్లలు విన్నారు. అయినా తిత్లీ రాత్రి జనమంతా ఒక్కచోట చేరారు, బడిలోనో తుపాను షెల్టర్‌లోనో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మర్నాటినుంచి కలిసి చెట్లు నరికి దారి చేశారు. ఆపద వస్తే దగ్గరవ్వాలన్నది తీరప్రాంతపు బిడ్డ నేర్చుకున్న తొలి పాఠం. లాక్‌డౌన్ దానికి సరిగ్గా ఎదురు పాఠం చెప్పింది. తిత్లీ కన్నా కరోనా మా పిల్లల్ని ఎక్కువ కలవరపెట్టిందంటే కారణం ఇదే అయి ఉంటుంది.

ఇంతా చెప్పి, బడులు మూయడమే తప్పనడం న్యాయం కాదు. 2020 మార్చిలో ఆ వైరస్ ఎవరిని ఏం చేస్తుందో తెలియదు. ముసలివాళ్లూ పిల్లలూ ఒకే గదిలో పడుకునే ఇళ్లు మనవి. తొలి మూడు నెలల మూసివేతను నేను తప్పుపట్టను. తర్వాతిదే ప్రశ్న. స్వీడన్‌లో చిన్నపిల్లల బడులు తెరిచే ఉంచారు, 2020 మార్చి నుంచి జూన్ దాకా పదహారేళ్లలోపు 19.5 లక్షల మందిలో కరోనాతో ఇంటెన్సివ్ కేర్‌లో చేరినవాళ్లు 15 మంది, మరణాలు లేవు. స్వీడన్ మనకు పోలిక కాదంటే ఒప్పుకుంటాను. మన లెక్కే చూద్దాం. 2021 జూన్, జులైలో భారత వైద్య పరిశోధన మండలి రక్తపరీక్షలు చేస్తే ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందికి అప్పటికే వైరస్ సోకిపోయి ఉంది. బడులు మూసి ఉండగానే సగానికి పైగా పిల్లల్ని అది తాకి వెళ్లింది. తెరిస్తే ముందు ప్రాథమిక బడులే తెరవడం మంచిదని ఆ మండలే చెప్పింది. తొలిసారి తెరిచినప్పుడు మనం చేసింది తలకిందులు. పదో తరగతి ముందు, ఒకటో తరగతి చివర. పరీక్ష ఉన్నవాళ్లు ముందు గుర్తొచ్చారు, పళ్లెం అవసరమైనవాళ్లు వెనకబడ్డారు.

కొందరు పిల్లలకు ఆ రోజులు మేలూ చేశాయి. బళ్లో ఏడిపించేవాళ్లు తప్పినందుకు కొందరు తెరిపిన పడ్డారు. ఏడాదికి నెల కనబడే నాన్న ఆర్నెల్లు ఇంట్లో ఉన్నాడు, వల అల్లడం నేర్పాడు, రాత్రి పక్కన పడుకోబెట్టుకున్నాడు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు కొందరు పిల్లల మొహాలు ఇప్పటికీ వెలుగుతాయి. దీన్ని కూడా లెక్కలో రాయాలి.

దేశంలో 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి లోపు కరోనాతోనో మరే కారణంతోనో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారు 10,094 మంది, ఒకరిని పోగొట్టుకున్నవారు 1,36,910 మంది అని జాతీయ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు చెప్పింది. కరోనాతో అనాథలైన పిల్లల పేరిట మన రాష్ట్రం తలా పది లక్షల రూపాయలు డిపాజిట్ చేసింది. డబ్బు కావాలి, తప్పక కావాలి. దానితోపాటు ఏడాదికి నాలుగుసార్లయినా ఆ ఇంటి గడప తొక్కి, బాబూ ఎలాగున్నావని అడిగే మనిషి కూడా కావాలి.

చదువు నష్టానికి ఒక అంకె చాలు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం మన రాష్ట్రపు పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం, 2022లో 10.3. దీన్ని ఆరోగ్యపు అంకెగా కూడా చదవమంటాను. పక్కవాడు చదువుతుంటే తనకు రానప్పుడు బిడ్డ తలొంచుకుంటుంది, కడుపునొప్పి అంటుంది, బడి మానేస్తుంది. చదువు దగ్గర తగిలిన దెబ్బ మనసు జబ్బయి తేలుతుంది.

2022 అక్టోబర్‌లో 14416 నంబరుతో, మనసు బాధలు వినే టెలిమానస్ ఫోన్ సేవ వచ్చింది. ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, ఏళ్ల తరబడి ఉద్దానం అడిగిన దానిలో ఒక భాగం తీరింది. పిల్లల మనసుకు మాత్రం ఇచ్ఛాపురం నుంచి నిమ్మాడ దాకా బడి స్థాయిలో ఒక మనిషి కావాలి. అయిదారు బళ్లకు ఒక్కరు చాలు. ఏటా రెండుసార్లు ఎత్తు, బరువు, కంటిచూపు చూసి రాసే పుస్తకం కావాలి. ఆ పుస్తకం బిడ్డతోపాటు ప్రాథమిక బడి నుంచి హైస్కూలుకు వెళ్లాలి. మళ్లీ ఏ రోగమో తుపానో వచ్చి తలుపులు మూయాల్సి వస్తే, బియ్యం తెచ్చిన మనిషే గుమ్మంలో బిడ్డను నిలబెట్టి తూకం వేసి, చేతివేళ్లు చూసి, నాలుగు మాటలు మాట్లాడి రావాలి.

2020 జూన్‌లో ఒకటో తరగతిలో కూర్చోవాల్సిన పిల్లలు 2030 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తారు. వాళ్లు ఎక్కడికీ పోలేదు. ఈ రోజు పొద్దున్న కూడా నిమ్మాడలో, హరిపురంలో, బారువలో సంచులు తగిలించుకుని బడి గేటు దాటి లోపలికి వెళ్లారు.